సర్వర్ నడుస్తోంది, ఫోన్‌లో మాత్రం ఓపెన్ కావట్లేదు! 127.0.0.1 వెనకున్న అసలు కథ

ఇంట్లో మూలన పడున్న పాత ల్యాప్‌టాప్‌నో, రాస్ప్‌బెర్రీ పైనో సర్వర్‌గా మార్చి, దాని మీద నిఘాకి ఒక మానిటరింగ్ టూల్ ఇన్‌స్టాల్ చేశారనుకోండి. అన్నీ గ్రీన్‌లో ఉన్నాయి. సర్వీస్ యాక్టివ్ అని చూపిస్తోంది. తీరా ఫోన్ బ్రౌజర్‌లో అడ్రస్ కొడితే పేజీ రాదు. ఇది మీకూ జరిగి ఉంటే ఈ ఆర్టికల్ మీకోసమే. దీని మీద నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నా. ఆ తర్వాత పరిష్కారం దొరికిందన్న సంతోషంలో ఇంకా పెద్ద తప్పు చేశా. రెండూ చెప్తాను.

(కమాండ్లను ఇక్కడ పలికే తీరులోనే రాస్తున్నా. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి.)

అసలు మానిటరింగ్ ఎందుకు పెట్టానంటే

నేను హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా, అమ్మానాన్న ఊళ్లో ఉంటారు. ఇంట్లో నా బీటెక్ నాటి ల్యాప్‌టాప్ ఉంది. దాంట్లో ఉబుంటు సర్వర్ వేసి, అమ్మ ఫోన్‌లోని ఫోటోలు రోజూ రాత్రి ఆటోమేటిక్‌గా బ్యాకప్ అయ్యేలా సెట్ చేశా. ఏడాది పాటు బాగానే నడిచింది. ఒకరోజు అమ్మ ఫోన్ నీళ్ల బకెట్‌లో పడి చచ్చిపోయింది. "ఏం పర్లేదమ్మా, అన్నీ సర్వర్‌లో ఉన్నాయి" అని ధీమాగా చెప్పా. తెరిచి చూస్తే డిస్క్ నిండిపోయి మూడు వారాలుగా బ్యాకప్ ఆగిపోయి ఉంది. ఆ మూడు వారాల్లోనే అక్క సీమంతం జరిగింది. చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లోంచి కొన్ని ఫోటోలు ఏరుకున్నాం కానీ, అమ్మ తన చేత్తో తీసుకున్నవి మాత్రం పోయాయి.

సర్వర్ పెట్టడం ఒక ఎత్తు, అది బతికుందో లేదో చూసుకోవడం ఇంకో ఎత్తు అని అప్పుడు అర్థమైంది. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు నెట్‌డేటా ఇన్‌స్టాల్ చేశా. డిస్క్, మెమరీ, నెట్‌వర్క్, సీపీయూ అన్నిటినీ సెకను సెకనుకీ గ్రాఫ్‌లుగా చూపించే ఫ్రీ టూల్ ఇది. పోర్ట్ నంబర్ 19999. సర్వర్ ఐపీ 192.168.1.50. ఫోన్‌లో ఈ రెండూ కలిపి కొట్టగానే "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వచ్చింది.

నేను చేసిన పనికిరాని పనులు

మొదట రౌటర్ మీద అనుమానపడ్డా. నాలుగుసార్లు రీస్టార్ట్ చేశా. టీవీ చూస్తున్న నాన్న "మళ్లీ నెట్ తీసేశావేంట్రా?" అని కేకేశారు. తర్వాత ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్ చేశా. తేడా లేదు. నెట్‌డేటాని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశా. అయినా అంతే.

ఇక్కడ నేను చూడని క్లూ ఒకటుంది. కనెక్షన్ "రెఫ్యూజ్డ్" అనడం వేరు, "టైమ్డ్ అవుట్" అనడం వేరు. రెఫ్యూజ్డ్ అంటే మన ప్యాకెట్ అవతలి మెషీన్ దాకా వెళ్లింది, ఆ అడ్రస్‌లో ఆ పోర్ట్ దగ్గర ఎవరూ లేరని మెషీనే తిప్పి పంపింది. టైమ్డ్ అవుట్ అంటే జవాబే రాలేదు. దారిలో ఫైర్‌వాల్ మింగేసి ఉండొచ్చు, లేదా మెషీనే ఆ ఐపీలో లేకపోవచ్చు. కొన్ని ఫైర్‌వాల్‌లు కూడా రెఫ్యూజ్డ్ అని చెప్పేలా సెట్ చేసి ఉంటాయి కానీ, ఉబుంటులో వచ్చే యూఎఫ్‌డబ్ల్యూ మామూలుగా ఏ జవాబూ ఇవ్వకుండా ప్యాకెట్‌ని వదిలేస్తుంది. కాబట్టి రెఫ్యూజ్డ్ కనిపిస్తే రౌటర్ జోలికి పోకండి. ముందు సర్వర్‌లోకి వెళ్లండి.

ఒక్క నిమిషంలో తేల్చే టెస్ట్

సర్వర్‌లోనే కూర్చుని రెండు కమాండ్లు కొట్టండి. మొదటిది కర్ల్ 127.0.0.1:19999. రెండోది కర్ల్ 192.168.1.50:19999. రెండూ అదే మెషీన్ నుంచే. మొదటిది పని చేసి, రెండోది రెఫ్యూజ్డ్ అంటే కేసు తేలిపోయినట్టే. ఎందుకంటే మెషీన్ తన సొంత ఐపీకి తానే ఫోన్ చేసుకుంటోంది. ఆ ప్యాకెట్ వై-ఫై దాకా, రౌటర్ దాకా అసలు వెళ్లనే వెళ్లదు. ఇక రౌటర్‌ది తప్పెలా అవుతుంది?

ఖాయం చేసుకోవడానికి మూడో కమాండ్: సుడో ఎస్‌ఎస్ -టిఎల్‌ఎన్‌పి. ఇందులో టి అంటే టీసీపీ, ఎల్ అంటే వింటున్న పోర్ట్‌లు మాత్రమే, ఎన్ అంటే పేర్ల బదులు నంబర్లు, పి అంటే ఏ ప్రోగ్రామ్ వింటోందో చూపించమని. వచ్చిన లిస్ట్‌లో లోకల్ అడ్రస్ కాలమ్ చూడండి. నాకు 127.0.0.1:19999 అని కనిపించింది. అంతే, రెండు రాత్రుల మిస్టరీ వీడింది.

127.0.0.1 అంటే ఏమిటి?

ప్రతి కంప్యూటర్‌లోనూ వై-ఫై, లాన్ కార్డ్‌లతో పాటు లూప్‌బ్యాక్ అనే ఒక ఊహా ఇంటర్‌ఫేస్ ఉంటుంది. లినక్స్‌లో దాని పేరు ఎల్ఓ. 127 తో మొదలయ్యే అడ్రస్‌లన్నీ, అంటే 1 కోటి 67 లక్షలకు పైగా అడ్రస్‌లు, దీనికే కేటాయించారు. ఈ అడ్రస్‌లు మెషీన్ దాటి బయట కనిపించకూడదని 1989 లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1122 స్పష్టంగా చెప్తుంది.

ఏ సర్వీస్ అయినా స్టార్ట్ అయ్యేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌తో "నేను ఫలానా అడ్రస్‌లో, ఫలానా పోర్ట్‌లో వింటాను" అని చెప్పుకుంటుంది. దీన్నే బైండ్ చేయడం అంటారు. మూడు రకాలుగా చెప్పొచ్చు.

127.0.0.1 అంటే ఇంట్లోవాళ్లు పిలిస్తేనే పలుకుతుంది. వంటింట్లోంచి పిలిస్తే వినిపిస్తుంది, గేటు దగ్గర బెల్ కొడితే వినిపించదు.

192.168.1.50 లాంటి ఒక అడ్రస్ అంటే ఆ ఒక్క అడ్రస్‌కి వచ్చిన పిలుపే వింటుంది.

0.0.0.0 అంటే ఏ గుమ్మం దగ్గర ఎవరు పిలిచినా వింటుంది. వై-ఫై, లాన్, వీపీఎన్, డాకర్, అన్నీ. ఐపీవీ6 లో దీనికి సమానం రెండు కోలన్లు.

ఇప్పుడు ఫైర్‌వాల్ ఆఫ్ చేసినా ఎందుకు లాభం లేదో అర్థమై ఉంటుంది. గేటు బార్లా తీసి పెట్టినా, లోపల ఉన్న మనిషికి బెల్ వినిపించకపోతే బయటికి రాడు కదా.

సర్వీస్ చెడిపోలేదు, కావాలనే అలా ఉంది

ఉబుంటు సొంత రిపోజిటరీ నుంచి నెట్‌డేటా వేసుకుంటే, దాని కాన్ఫిగ్ ఫైల్‌లో "బైండ్ సాకెట్ టు ఐపీ" అనే లైన్ ఉంటుంది. దాని ఎదురుగా 127.0.0.1 అని రాసి ఉంటుంది. ఇది బగ్ కాదు. ప్యాకేజ్ తయారుచేసినవాళ్లు కావాలని పెట్టిన తాళం. ఆ లైన్ పైనే ఒక కామెంట్ కూడా ఉంటుంది: నమ్మకం లేని నెట్‌వర్క్‌లకి తెరిచిపెట్టడానికి ఈ టూల్ తయారు కాలేదని.

నేను ఆ కామెంట్ చదవలేదు. 127.0.0.1 తీసేసి 0.0.0.0 పెట్టి, సర్వీస్ రీస్టార్ట్ చేశా. ఫోన్‌లో గ్రాఫ్‌లు గంతులేశాయి. అమ్మకి కూడా చూపించా. "ఇది మన ఫోటోల కోసమా?" అని అడిగింది. అవునన్నా.

అసలు తప్పు ఇక్కడ జరిగింది

సెలవులు అయిపోయాయి. హైదరాబాద్ నుంచి కూడా చూడాలి కదా అని బయల్దేరే ముందు రౌటర్‌లో 19999 పోర్ట్ ఫార్వర్డ్ చేసేశా. చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో సీజీనాట్ వల్ల ఇది పని చేయదు, ఎందుకంటే చాలామంది ఒకే పబ్లిక్ ఐపీని పంచుకుంటారు. మా ఇంటికి మాత్రం పబ్లిక్ ఐపీ ఉంది. అప్పుడు అదృష్టం అనుకున్నా.

పదకొండో రోజు ఆఫీసులో లంచ్ చేస్తూ నా టీమ్‌లో ఫ్రెండ్‌కి గొప్పగా చెప్పా. వాడు ఐపీ అడిగాడు, ఇచ్చా. తన ఫోన్‌లో కొట్టి రెండు నిమిషాలు స్క్రోల్ చేసి అన్నాడు: "మామా, మీ అమ్మ ఫోటోల డిస్క్ 71 శాతం నిండింది. రాత్రి రెండింటికి బ్యాకప్ నడుస్తుందా? మీ నాన్న పేరు మీద కూడా ఒక యూజర్ ఉన్నాడే!"

పాస్‌వర్డ్ అడగలేదా అన్నా. "ఏ పాస్‌వర్డ్?" అన్నాడు.

నేను వేసిన వెర్షన్‌లో లాగిన్ అనేదే లేదు. డిస్క్ పేర్లు, యూజర్ల పేర్లు, ఏ ప్రోగ్రామ్ ఎప్పుడు నడుస్తోంది, ఇంట్లో నెట్ వాడకం ఎప్పుడు ఆగుతోంది, అంతా ఎవరికైనా కనిపిస్తుంది. ఫోటోలు కనిపించవు, నిజమే. కానీ దొంగకి బీరువా తెరిచి చూపించకపోయినా, ఇంటి ప్లాన్ గీసి ఇచ్చినట్టే. ఆ రాత్రి యాక్సెస్ లాగ్ తీసి చూస్తే, నావి కాని ఐపీలు వరుసగా కనిపించాయి. ఇంటర్నెట్ మొత్తాన్నీ స్కాన్ చేసే బాట్‌లు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. తెరిచిన పోర్ట్‌ని వెతికి పట్టుకోవడమే వాటి పని. పోర్ట్ ఫార్వర్డింగ్ వెంటనే తీసేశా.

ఇదేమీ చిన్న విషయం కాదు

2018 ఫిబ్రవరి 28 న గిట్‌హబ్ మీద 1.35 టెరాబిట్స్ పర్ సెకండ్ స్థాయిలో దాడి జరిగింది. దానికి వాడుకున్నది ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న మెమ్‌క్యాష్‌డ్ సర్వర్లని. లోపలి నెట్‌వర్క్‌లో ఉండాల్సిన సర్వీస్ 11211 యూడీపీ పోర్ట్‌లో ఊరందరికీ జవాబిస్తూ కూర్చుంది. దాడి చేసేవాళ్లు గిట్‌హబ్ అడ్రస్‌ని దొంగ రిటర్న్ అడ్రస్‌గా పెట్టి చిన్న ప్రశ్న పంపితే, పెద్ద జవాబు గిట్‌హబ్ మీద పడింది. ఆ తర్వాత వచ్చిన మెమ్‌క్యాష్‌డ్ 1.5.6 లో యూడీపీని డిఫాల్ట్‌గా ఆపేశారు.

దానికి ఏడాది ముందు, 2017 జనవరిలో, పాస్‌వర్డ్ లేకుండా తెరిచి ఉన్న వేలాది మోంగోడీబీ డేటాబేస్‌లని చెరిపేసి డబ్బులు డిమాండ్ చేశారు. అదే ఏడాది చివర్లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి మోంగోడీబీ డిఫాల్ట్‌గా లోకల్‌హోస్ట్‌లోనే వింటుంది. అంటే మనల్ని విసిగించే ఈ 127.0.0.1 వెనక ఇలాంటి అనుభవాలు ఉన్నాయి.

అయితే ఎలా తెరవాలి?

ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీన్ని చూడాల్సింది ఎవరు? జవాబుని బట్టి దారి మారుతుంది.

1. నేనొక్కడినే చూస్తా: అయితే 127.0.0.1 ని ముట్టుకోకండి. ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ వాడండి. మీ ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్ -ఎల్ 19999:127.0.0.1:19999 అని కొట్టి, పక్కన యూజర్‌నేమ్ ఎట్ సర్వర్ ఐపీ ఇవ్వండి (ఈ ఎల్ క్యాపిటల్). ఆ విండో తెరిచి ఉంచి, ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:19999 కొడితే సర్వర్ డాష్‌బోర్డ్ వస్తుంది. సర్వర్ దృష్టిలో పిలుపు ఇంట్లోంచే వచ్చినట్టు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టర్మక్స్‌లో ఇదే కమాండ్ పని చేస్తుంది.

2. ఇంట్లో అందరూ చూడాలి: అప్పుడు 0.0.0.0 కాకుండా లాన్ ఐపీ ఇవ్వండి. దానికి తోడు ఫైర్‌వాల్‌లో ఇంటి నెట్‌వర్క్‌కే అనుమతి ఇవ్వండి: సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎలౌ ఫ్రమ్ 192.168.1.0/24 టు ఎనీ పోర్ట్ 19999 ప్రోటో టీసీపీ. ఇందులో ఒక చిక్కుంది. కరెంటు పోయి వచ్చాక రౌటర్ కంటే ముందే సర్వర్ లేస్తే, 192.168.1.50 అనే అడ్రస్ ఇంకా దానికి అందదు. లేని అడ్రస్‌లో బైండ్ చేయలేక సర్వీస్ చతికిలపడుతుంది. అందుకే సర్వర్‌కి స్టాటిక్ ఐపీ సెట్ చేయండి. రౌటర్‌లో కూడా ఆ నంబర్ ఇంకెవరికీ వెళ్లకుండా రిజర్వ్ చేయండి.

3. ఊరి బయటి నుంచి చూడాలి: వైర్‌గార్డ్ లేదా టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ వాడండి. టెయిల్‌స్కేల్ అయితే సీజీనాట్ ఉన్నా పని చేస్తుంది. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ మాత్రం మానిటరింగ్ టూల్‌కి వద్దే వద్దు.

వేరే టూల్స్‌లో ఇదే సమస్య

ఎస్‌ఎన్‌ఎంపీడీ: డెబియన్, ఉబుంటులలో ఇది కూడా లోకల్‌హోస్ట్‌లోనే వింటుంది. కాన్ఫిగ్‌లో ఏజెంట్ అడ్రస్ అనే లైన్ చూడండి. ఇది 161 నంబర్ యూడీపీ పోర్ట్, కాబట్టి ఎస్‌ఎస్ కమాండ్‌లో టి బదులు యూ వాడాలి. యూడీపీలో "రెఫ్యూజ్డ్" అని కనిపించకుండా టైమ్ అవుట్ వస్తుంది, అందుకే చాలామంది ఫైర్‌వాల్ అనుకుని పొరబడతారు. అడ్రస్ మార్చాక కూడా సిస్టమ్ పేరు లాంటి కొన్ని వివరాలే వస్తే కంగారుపడకండి. అది రెండో తాళం, "సిస్టమ్ ఓన్లీ" అనే వ్యూ. ఇంకో మాట, వెర్షన్ 2సీ లో కమ్యూనిటీ పాస్‌వర్డ్ ఏ ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తుంది. నెట్‌వర్క్‌లోకి తెరిచేటట్టయితే వెర్షన్ 3 వాడండి.

మునిన్ నోడ్: ఇక్కడ రివర్స్. పోర్ట్ 4949 అన్ని ఇంటర్‌ఫేస్‌లలో వింటుంది కానీ, ఎలౌ లైన్‌లో సొంత మెషీన్‌కి మాత్రమే అనుమతి ఉంటుంది. కనెక్ట్ అయినట్టే అయి వెంటనే తెగిపోతుంటే ఆ లైన్ చూడండి.

డాకర్: కంటెయినర్ లోపల 127.0.0.1 అంటే ఆ కంటెయినర్ సొంత లూప్‌బ్యాక్, మీ మెషీన్‌ది కాదు. లోపలి యాప్ 127.0.0.1 లో వింటుంటే మీరు పోర్ట్ పబ్లిష్ చేసినా లాభం ఉండదు. లోపల 0.0.0.0 పెట్టి, పబ్లిష్ చేసేటప్పుడు బయటి వైపు 127.0.0.1:19999:19999 అని ఇవ్వండి. ఉత్తి 19999:19999 ఇస్తే అన్ని ఇంటర్‌ఫేస్‌లలో తెరుచుకుంటుంది. పైగా డాకర్ పబ్లిష్ చేసిన పోర్ట్‌లు యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్‌ని దాటి వెళ్లిపోతాయి. ఫైర్‌వాల్ ఉందిలే అని ధీమాగా ఉండొద్దు.

లోకల్‌హోస్ట్ అనే పేరు: కొన్ని సిస్టమ్స్‌లో ఈ పేరు ముందు ఐపీవీ6 అడ్రస్‌కి వెళ్తుంది. సర్వీస్ 127.0.0.1 లో మాత్రమే వింటుంటే అదే మెషీన్‌లోనూ కొన్ని ప్రోగ్రామ్‌లకి రెఫ్యూజ్డ్ రావొచ్చు. అనుమానం వస్తే పేరు బదులు నంబరే కొట్టి చూడండి.

చివరికి నేనేం చేశానంటే

ఫ్రెండ్ నవ్విన ఆ రోజు రాత్రి కూర్చుని ఆలోచిస్తే ఒక విషయం తట్టింది. నాకు కావాల్సింది గ్రాఫ్‌లు కాదు. డిస్క్ నిండేలోపు ఎవరో ఒకరు నాకు చెప్పాలి, అంతే. నెట్‌డేటాలో అలారమ్‌లు ఉన్నాయి, వాటిని టెలిగ్రామ్ బాట్‌కి పంపే సదుపాయమూ ఉంది. ఆ మెసేజ్ సర్వర్ నుంచి బయటికి వెళ్లేది. బయటివాళ్లు లోపలికి రానక్కర్లేదు. అంటే దానికి ఏ పోర్టూ తెరవక్కర్లేదు. మొదటి రోజు నేను తిట్టుకున్న 127.0.0.1 ని అలాగే ఉంచేసినా నా పని జరిగేది!

ఇప్పుడు కాన్ఫిగ్‌లో మళ్లీ 127.0.0.1 పెట్టేశా. గ్రాఫ్‌లు చూడాలనిపిస్తే టెయిల్‌స్కేల్ మీదుగా టన్నెల్ వేసుకుంటా. నెలకోసారి కూడా అవసరం పడట్లేదు.

పోయిన నెల ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా టెలిగ్రామ్ మోగింది. డిస్క్ నిండిపోవస్తోందని వార్నింగ్. ఆ సాయంత్రం లాగిన్ అయి పాత లాగ్‌లు, డూప్లికేట్ వీడియోలు తీసేశా. రాత్రి బ్యాకప్ మామూలుగా నడిచింది. అక్క పాపకి ఇప్పుడు ఆరో నెల. అమ్మ రోజుకి కనీసం ఇరవై ఫోటోలు తీస్తోంది. అవన్నీ చేరాయో లేదో ఇప్పుడు ఉదయం లేవగానే చూసుకుంటున్నా.

మీ సర్వర్‌లో కూడా ఇవాళే ఒకసారి సుడో ఎస్‌ఎస్ -టిఎల్‌ఎన్‌పి కొట్టి చూడండి. 127.0.0.1 ఉన్నవాటి గురించి బెంగ అక్కర్లేదు. 0.0.0.0 ఉన్న ప్రతి లైన్ దగ్గరా ఆగి, "ఇది ఎవరి కోసం తెరిచా?" అని అడగండి. జవాబు తట్టకపోతే ముందు దాన్ని మూసేయండి.